పెద్దపేగు క్యాన్సర్ శస్త్రచికిత్స తరువాత సిమెటిడిన్ ఇవ్వవచ్చా?

మాధవి:
శస్త్రచికిత్స అయిన 64 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగులపై జపాన్‌లో జరిగిన అధ్యయనం 2002లో వెలువడింది. 5-ఎఫ్‌యూ అనే కీమోథెరపీ మందుతో పాటు రోజుకు 800 మిల్లీగ్రాముల సిమెటిడిన్‌ను ఏడాదిపాటు వాడినవారిలో 84.6 శాతం మంది పదేళ్లు జీవించారు. 5-ఎఫ్‌యూ మాత్రమే వాడినవారిలో 49.8 శాతమే. హిస్టమిన్ అనే శరీరపు సంకేత రసాయనాన్ని కణాలు అందుకునే హెచ్2 రిసెప్టర్‌ను అడ్డుకునే ఈ పాత, చవకైన అల్సర్ మందును అందరికీ ఎందుకు ఇవ్వకూడదు?

వేణుగోపాల్:
మాధవి గారూ, హిస్టమిన్‌ను అడ్డుకోవడం మేలు చేస్తుందని ముందే అనుకోవడం నాకు సమ్మతం కాదు. 2011లో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం నుంచి హిస్టమిన్‌ను తయారుచేసే ఎంజైమ్ జన్యువును తొలగించిన ఎలుకల పేగులో కణితులు పెరిగాయని చూపారు. ఎముక మజ్జలో పుట్టే కొన్ని తెల్లకణాలు పూర్తిగా ఎదగడానికి హిస్టమిన్ కావాలి. అది లేనప్పుడు ఎదగని కణాలు పోగుపడి కణితికి తోడ్పడతాయి. ఆ ఎలుకలకే హిస్టమిన్ తయారుచేసే లాక్టోబాసిల్లస్ రాయిటెరి అనే బాక్టీరియాను ఇచ్చినప్పుడు కణితులు తగ్గాయని 2017లో మరో బృందం ప్రకటించింది. ఈ బాక్టీరియా తయారుచేసే హిస్టమిన్, వాపును పెంచే టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్‌ను అణచేది, మీరు మూసివేయమంటున్న హెచ్2 రిసెప్టర్ ద్వారానే.

సరళ:
మీ ఇద్దరి వాదనలూ ఒకే సంగతి గురించి కావని నా అభిప్రాయం. ఎలుకలలో రసాయనంతోనూ పేగువాపుతోనూ కణితి పుట్టే దశను చూశారు. జపాన్‌లో కణితిని తీసివేసిన తరువాత మిగిలిన కణాలు వ్యాపించే దశను చూశారు. రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాలు తమ పైనున్న సియాలిల్ లూయిస్ చక్కెర గొలుసులతో రక్తనాళపు గోడలోని ఇ-సెలెక్టిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటాయి. సిమెటిడిన్ ఆ ఇ-సెలెక్టిన్‌ను తగ్గిస్తుంది. ఆ గొలుసులు ఎక్కువగా ఉన్న రోగులకే అధ్యయనంలో స్పష్టమైన లాభం కనిపించింది. అసలు కీలకం ఇక్కడుంది: ప్రయోగశాలలో అదే హెచ్2ను అడ్డుకునే ఫామోటిడిన్, రానిటిడిన్ ఆ పని చేయలేదు. అంటే ఆ ఫలితానికి హిస్టమిన్‌తో సంబంధమే లేకపోవచ్చు.

మాధవి:
అయినా లాభం లాభమే కదా, సరళ గారూ?

సరళ:
లాభం దేనివల్ల వచ్చిందో తెలియాలి. సిమెటిడిన్ కాలేయపు ఎంజైములను మందగింపజేసి 5-ఎఫ్‌యూ స్థాయిని రక్తంలో పెంచగలదు. కీమోథెరపీ మోతాదు తెలియకుండానే పెరిగినట్టయితే, దాని విషప్రభావమూ పెరుగుతుంది. కనుక ఆంకాలజిస్టుకు చెప్పకుండా ఎవరూ దీనిని వాడకూడదు. నేటి ఆక్సాలిప్లాటిన్ అనే కీమోథెరపీ మందుతో చేసే చికిత్సతో కలిపి, సియాలిల్ లూయిస్ గొలుసులున్న రోగులను ముందే గుర్తించి, పెద్ద పరీక్ష జరపాలి; పేటెంటు లేని మందు కనుక ఆ ఖర్చును ప్రభుత్వ సంస్థలే భరించాలి.