సమస్య: ‘కాగితమ్ము నమిలి కవియె గెలిచె’

నిర్వాహకుడు: ప్రయోగ కవితల ఉత్సవానికి వెళ్ళొచ్చిన మత్తులో ఇస్తున్న పాదం, దీన్నే చివరి పాదంగా పెట్టి పద్యం పూరించండి. అక్కడ ఒకాయన తన కవితను చదవకుండా మైకు ముందు నిలబడి నమిలేశాడు, కరకరలు చివరి వరస దాకా వినిపించాయి, జనం లేచి మరీ చప్పట్లు. 1916లో జూరిక్‌లో జర్మన్ కవి హ్యూగో బాల్ అట్టగొట్టాల వేషంలో ఇరుక్కుని నడవలేకపోతే మోసుకొచ్చి వేదిక మీద నిలబెట్టారు, అర్థం లేని ధ్వనులు చదవడానికి. తొడుక్కోవడంతో మొదలై తినడం దాకా వచ్చాం. కానివ్వండి.

గణపాఠి:
కొత్త కవిత లంచు గొప్ప వేడుక సేయ
పలుకు లుడిగి యొకడు పళ్ళు నూరె
చదువుడనగ సభను చప్పట్లు మోగగా
కాగితమ్ము నమిలి కవియె గెలిచె

చంపకం: ‘పళ్ళు నూరె’లో కోపమూ ఉంది, నమలడానికి పదునూ ఉంది, బాగుంది. కానీ గణపాఠి గారూ, జరిగింది జరిగినట్టు రాస్తే అది విలేకరి పని. సమస్య విరగాలి కదండీ, ఇచ్చిన పాదానికి అనుకోని అర్థం రావాలి.

తోకచుక్క: ఇదిగో, విరిచాను.
సున్న మార్కు లిడగ శుంఠలు తీర్పరుల్
కుమిలె కవి యొకండు కుర్చిలోన
మేక వేదికెక్కి మీసాలు తిప్పెను
కాగితమ్ము నమిలి, కవియె గెలిచె

చంపకం: అదిరింది! మార్కుల కాగితం మేక పాలు, గెలుపు కవి పాలు. ‘నమిలి’కీ ‘తిప్పెను’కీ కర్త ఒక్కటే, వ్యాకరణానికీ ఢోకా లేదు.

గణపాఠి: సరే, ఒప్పుకున్నాం. మరి కుర్చీని ‘కుర్చి’ చేసి దాని కాలు విరగ్గొట్టారేం? మేకకు గడ్డం చూశాను గానీ తిప్పేటన్ని మీసాలు ఎక్కడివండీ?

తోకచుక్క: పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ కుదరాలిగా, ఆ యతిలో ‘మే’కి ‘గ’ పడదు కాబట్టి మొలిచాయి. పోయిన నెల మీ పూరణలో వీణ వాయించిన పిల్లికి అన్ని వేళ్ళెలా వచ్చాయో ముందు అది చెప్పండి.

గణపాఠి: ఆ పిల్లిది ప్రాసయతి, మొదటి అక్షరం బదులు రెండో అక్షరానికి జోడీ కుదిరితే చాలు. అందరూ ఒప్పుకున్నదే.

చంపకం: అందరూ అంటే మీరూ, పిల్లీ.

మూగనోము:
పెదవి కలియ రాని పెనుపోటి యందున
నోటి నిండ కుక్కి నొక్కి పెట్టి
పెదవు లెడము సేయు విద్య తా కనుగొని
కాగితమ్ము నమిలి కవియె గెలిచె

నిర్వాహకుడు: ఇది నేను ఊహించని మలుపు, పెదవులు కలవని అక్షరాలతోనే సాగాల్సిన నిరోష్ఠ్యం పోటీలో నోరు మూతపడకుండా కాగితం ఉండ! నా ఓటు దీనికే. కాకపోతే పెదవి తగలకూడదన్న పద్యానికి మొదటి అక్షరమే ‘పె’. ఆ మాటకొస్తే నా పాదంలోనూ ‘తమ్ము’, ‘నమిలి’ ఉన్నాయి, అది పైకి చదివిన క్షణంలో మీ కవి ఓడిపోతాడు.

చంపకం: ఫ్రెంచి రచయిత జార్జ్ పెరెక్ 1969లో ఫ్రెంచిలో అన్నిటికంటే ఎక్కువ వాడే అచ్చు లేకుండా నవల మొత్తం లాక్కొచ్చాడు, మనం నాలుగు పాదాలు లాగలేమా? ఈసారి పాదంతో సహా నిరోష్ఠ్యంగా ఇవ్వండి.

గణపాఠి: నేను రెడీ. పాపం తోకచుక్క గారి మేకకే చోటుండదు, ‘మే’ అనగానే పెదవులు అతుక్కుంటాయి.

తోకచుక్క: మీ పిల్లిని కూడా గేటు బయటే కట్టేసి రండి.