చర్చ: తన మీద తాను దయ చూపుకోవడం బద్ధకానికి సాకు కాదా?

సూటిమాట:
మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరుగుతున్నదాన్ని ఉన్నది ఉన్నట్టు గమనించడం), ఆత్మకరుణ (తన మీద తాను దయ చూపుకోవడం) అని తరచుగా వినిపిస్తున్న మాటల మీద నాకు ఒక అనుమానం ఉంది. తప్పు చేసినప్పుడు మనసులో ముల్లు గుచ్చుకోవాలి, ఎందుకంటే మళ్ళీ ఆ దారిన అడుగు వేయకుండా ఆపేది ఆ నొప్పే. నన్ను నేను తిట్టుకోకపోయి ఉంటే ఏ పరీక్షా గట్టెక్కేవాణ్ణి కాదు.

నిదానం:
సూటిమాట గారూ, ముల్లు గుచ్చుకోవాలన్న మాట ఒప్పుకుంటాను. దాన్ని తీయకుండా రోజంతా కెలుక్కోవడాన్ని క్రమశిక్షణ అనడమే నాకు మింగుడు పడడం లేదు. మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టిన్ నెఫ్ 2003లో ఆత్మకరుణను నిర్వచించినప్పుడు తనతో దయగా మసలుకోవడం, పొరపాటు మనుషులందరికీ సహజమని గుర్తించడం అన్న రెండింటితో పాటు, బాధను పెంచుకోకుండా, కప్పిపుచ్చకుండా ఉన్నది ఉన్నట్టు గమనించడాన్ని కూడా అందులో చేర్చారు. ఆ మూడోది లేకపోతే మీరన్నట్టు అది సాకే, లేదా ఉత్త జాలి.

ఒకసారి నేను పాత నెల అంకెలతోనే నివేదికను పైవాళ్ళకు పంపేశాను. చూసుకోగానే దవడ బిగుసుకుంది, వేళ్ళు చల్లబడ్డాయి. అంతకుముందైతే "నీకు బుద్ధి లేదు" అని తిట్టుకుంటూ, జవాబులో ఏముంటుందోనన్న భయంతో రెండు రోజుల పాటు ఈమెయిల్ తెరవకుండా తిరిగేవాణ్ణి. ఆ రోజు బిగిసిన దవడను కాసేపు గమనించి, "కంగారుగా ఉంది, పొరపాటు జరిగింది" అని మాత్రమే అనుకుని, పావుగంటలో సరైన పట్టికను క్షమాపణతో పంపాను. తిట్టు నన్ను పనికి తరమలేదు, పని నుంచే తరిమింది.

సూటిమాట:
మీ అనుభవాన్ని కాదనను. అయితే బ్రిటన్‌లో 8,000 మందికి పైగా విద్యార్థులతో జరిపి, 2022లో వెలువరించిన పరిశీలనలో, బడుల్లో మైండ్‌ఫుల్‌నెస్ నేర్పడం వల్ల మామూలు పాఠాల కన్నా అదనపు మేలు కనిపించలేదు కదా?

నిదానం:
నిజమే, అందరికీ ఒకే మందుగా పంచిపెట్టడాన్ని నేనూ సమర్థించను. మీ అసలు ప్రశ్న బద్ధకం గురించి కాబట్టి 2012లో మనస్తత్వ శాస్త్రవేత్తలు బ్రీన్స్, చెన్ ప్రచురించిన ప్రయోగం చూడండి: కఠినమైన పదజాల పరీక్షలో తడబడిన విద్యార్థుల్లో, తమ పట్ల దయగా ఉండమన్న సూచన అందుకున్నవారే తర్వాతి పరీక్ష కోసం ఎక్కువ సేపు చదివారు.

ఒడ్డున:
నా ఇబ్బంది వేరు. మైండ్‌ఫుల్‌నెస్ సాధనలో కళ్ళు మూసుకుని శ్వాస మీద దృష్టి పెడితే నాకు గుండెదడ ఎక్కువవుతుంది.

నిదానం:
కొందరికి, ముఖ్యంగా గతంలో తీవ్రమైన భయానికి లోనైనవారికి, అలా జరుగుతుంది. పట్టుదలకు పోయి కూర్చోకండి. కళ్ళు తెరిచి ఉంచి, నేలకు ఆనిన పాదాల మీదనో, చుట్టూ వినిపించే చప్పుళ్ళ మీదనో ధ్యాస పెట్టవచ్చు. అప్పటికీ దడ తగ్గకపోతే సాధన ఆపి, మానసిక వైద్యులను కలవండి.

సూటిమాట:
తిట్టుకోవడం పూర్తిగా మానతానని మాట ఇవ్వలేను గానీ, తిట్టుకున్నాక ఎంతసేపు పని ఆగిపోతోందో ఒక వారం రాసి చూస్తాను.