జాతి, రంగు గురించి పిల్లలతో ఎలా మాట్లాడాలి?

ప్రశ్న (డాలస్ నుంచి ఒక తల్లి):
మా అమ్మాయి నాలుగో తరగతి చదువుతోంది. పోయిన వారం పార్కుకు బయలుదేరుతుంటే, గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ "అటువైపు నల్లవాళ్ళు ఎక్కువ, వద్దులే" అన్నది. పిల్ల చెప్పులు తొడుక్కోవడం ఆపి, తన ముంజేతిని చూసుకుని, "అమ్మమ్మా, నేనూ నల్లగానే ఉన్నాను కదా?" అని అడిగింది. "నువ్వు చామనఛాయే, బంగారం" అని అమ్మ దగ్గరకు తీసుకున్నది. ఓదార్చడానికి అన్న మాటే అయినా, నలుపు ఒక లోపమన్న భావాన్ని అది పిల్లలో మరింత గట్టిపరిచిందేమోనని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మనం ఎవరమని చెప్పాలి? అమ్మను నొప్పించకుండా ఈ మాట ఎలా ఎత్తాలి?

జవాబు 1 (న్యూజెర్సీ):
అమ్మా, మనం ఎవరమన్నది ఈ దేశమే పలుమార్లు మార్చి రాసుకున్నది. తెల్లవారికిచ్చే అమెరికా పౌరసత్వం కోసం భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ తాను అగ్రకులపు ఆర్యుడినని, కాబట్టి తెల్లవాడినేనని వాదించగా, సామాన్యుడు అనుకునే అర్థంలో భారతీయులు తెల్లవారు కారని 1923లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అప్పటికే పౌరసత్వం పొందిన కొందరు భారతీయులు దాన్ని పోగొట్టుకున్నారు. 1970 జనాభా లెక్కల్లో మనల్ని తెల్లవారిలో కలిపి, 1980లో 'ఏషియన్ ఇండియన్' అని వేరే గడి పెట్టారు. తొమ్మిదేళ్ళ పిల్లకు ఇది అర్థమవుతుంది. రంగును బట్టి పౌరసత్వమివ్వడమే తప్పని థిండ్ వాదించలేదన్నదీ దాచకుండా చెప్పండి.

జవాబు 2 (అట్లాంటా):
పై మాట నిజమే కానీ, పెద్దవాళ్ళకు చరిత్ర ఒక్కటే సరిపోదండీ. నల్లజాతివారి పోరాటం వల్ల 1964లో పౌరహక్కుల చట్టం వచ్చిందని, ఆ ఊపులోనే 1965 వలస చట్టం వచ్చి మనకు తలుపు తెరిచిందని నేను ఎంత చెప్పినా మా అమ్మ తల ఊపి ఊరుకునేది. 2017లో కాన్సస్ రాష్ట్రంలోని ఓలేథాలో మన తెలుగు ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపినవాడు చామనఛాయా, నలుపా అని చూడలేదన్నా అంతే. చివరకు ఒకనాడు కాఫీ తాగుతూ, "నీ పెళ్ళిచూపుల్లో రంగు మాట వచ్చిందా?" అని అడిగాను. నెల రోజులు ఒళ్ళు మండేలా సున్నిపిండితో రుద్దారని, అయినా రెండు సంబంధాలు తప్పిపోయాయని చెప్పి, చాలాసేపు మౌనంగా ఉండిపోయింది. ఆ తరువాత పక్కింటావిడను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది.

ప్రశ్న అడిగిన తల్లి:
మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న అమ్మను అదే అడిగాను. తనకూ సున్నిపిండి కథ ఉన్నదట. పక్కనే ఉన్న పిల్ల అంతా విని, అమ్మ చేయి పట్టుకుని, "నొప్పి పుట్టిందా అమ్మమ్మా?" అని అడిగింది.