కోర్టు విడాకులిచ్చాక మళ్లీ పీఠం ట్రిబ్యునల్ ఎందుకు?

పాలకొల్లు_చిన్నోడు
మా అక్కకి ఫ్యామిలీ కోర్టులో విడాకులొచ్చి మూడేళ్లయింది. ఇప్పుడో మంచి సంబంధం వచ్చింది, అబ్బాయీ కథోలికుడే. మా విచారణ (పారిష్) గురువులేమో ట్రిబ్యునల్, అంటే బిషప్ గారి పీఠంలో ఉండే చర్చి కోర్టు, మొదటి పెళ్లి చెల్లదని తీర్పిస్తే తప్ప గుడిలో పెళ్లి చేయలేనన్నారు. అక్క ఉద్యోగం చేసేది వేరే రాష్ట్రంలో. అక్కడి ట్రిబ్యునల్లో అర్జీ పెట్టి రెండేళ్లు దాటింది. ఒక్కసారి పిలిచారు, అంతే. జడ్జిగారి సంతకం కన్నా వీళ్ల కాగితం గొప్పదా?

లూథరన్_బావ
మా పెద్దమ్మ కొడుక్కి పాస్టరుగారు కోర్టు డిక్రీ చూసి పెళ్లి చేసేశారు. టెన్షనే లేదు. అయినా 1996లో మోలీ జోసెఫ్ కేసులో సుప్రీంకోర్టే చెప్పిందిగా, చర్చి ట్రిబ్యునల్ పెళ్లి రద్దు చేస్తే చట్టం ముందు చెల్లదని. ఆ రద్దు చెల్లేలా చూడమని మళ్లీ పిల్ వేస్తే 2017లో కొట్టేసింది.

రిటైర్డ్_గుమాస్తా
ఆ కేసులు నిజమే బావగారూ. కానీ వాటివల్ల తేలింది ట్రిబ్యునల్ కాగితంతో కోర్టు పని జరగదని. కోర్టు కాగితంతో గుడి పని జరుగుతుందని కాదు.

నేను చాలా ఏళ్లు గుడి ఆఫీసులో పెళ్లి రిజిస్టర్లు రాశాను. కోర్టు చూసేది కాపురం ఎలా చెడిందో. ట్రిబ్యునల్ చూసేది పెళ్లిరోజు సంగతి: ఆ రోజు ఇద్దరూ ఇష్టపడే ఒప్పుకున్నారా, బెదిరించి కూర్చోబెట్టారా, అడ్డంకి ఏదైనా ఉందా. అందుకే అక్కడ పెళ్లి నిలబడాలని వాదించడానికి ప్రత్యేకంగా ఒకరుంటారు, బంధ రక్షకుడంటారు. రెండు పక్షాలూ విడిపోదామన్నా ఆయన ఊరుకోకూడదు.

ఆలస్యాన్ని మాత్రం నేను సమర్థించను. మొదటి ట్రిబ్యునల్లో కేసు ఏడాది దాటకూడదని 1983 నాటి చర్చి చట్టంలోనే ఉంది. ఒకప్పుడు రద్దు తీర్పుని రెండో ట్రిబ్యునల్ కూడా ఖాయం చేయాల్సొచ్చేది. పోప్ ఫ్రాన్సిస్ 2015లో అది తీసేశారు. ఇంకా రెండేళ్లంటే మీ అక్క గట్టిగా అడగాల్సిందే.

కోనసీమ_అమ్మాయి
గుమాస్తా గారూ, కోర్టులో ఒకసారి గుట్టంతా విప్పింది కదా ఆవిడ. మళ్లీ ఫాదర్ల ముందు కూర్చుని మొదటి రాత్రి దగ్గర్నుంచీ చెప్పుకోవాలా? పిల్లలుంటే వాళ్ల గతేంటి? పెళ్లే కాదన్నాక ఊళ్లో ఏమంటారు?

రిటైర్డ్_గుమాస్తా
పిల్లల గురించి భయం వద్దమ్మా. పెళ్లి రద్దయినా వాళ్లు సక్రమ సంతానమేనని చర్చి చట్టమే అంటుంది. ఊరి నోటికి మందు నా దగ్గర లేదు. జడ్జీల్లో గురువులు కానివాళ్లూ ఉండొచ్చు, ఆడవాళ్లయినా సరే. అయితే వాళ్లెంతమంది ఉన్నారంటే నేను తలదించుకోవాలి.

చిన్నోడూ, ఒక మాట. అక్క మొదటి పెళ్లి బయటి సంబంధమా, మేనరికమా?

పాలకొల్లు_చిన్నోడు
మేనరికమే. మేనత్త కొడుకు. పెళ్లి తాడేపల్లిగూడెంలో జరిగింది. దానికీ దీనికీ ఏంటండీ?

రిటైర్డ్_గుమాస్తా
అదే ముందు చెప్పాల్సింది! మన గోదావరి జిల్లాల్లో మేనరికం వరస, చర్చి చట్టంలో రక్తసంబంధం అడ్డంకి. పీఠం నుంచి ముందుగా మినహాయింపు తెస్తేనే పెళ్లి చెల్లుతుంది. ఆ కాగితం లేకుండానే చేశారని రికార్డుల్లో తేలితే పెద్ద విచారణ అక్కర్లేదు. పత్రాలు చూసి తేల్చే చిన్న పద్ధతి ఉంది. అందులోనూ బంధ రక్షకుణ్ణి పిలుస్తారు, మీ మాజీ బావకీ కబురెళ్తుంది.

పెళ్లి ఇక్కడే అయింది కాబట్టి ఏలూరు పీఠంలోనూ కేసు వేయొచ్చు. 1976లో విజయవాడ నుంచి విడిపోయిన పీఠం అది, మీ రికార్డులు దూరం పోయుండవు. కానీ అక్కడ పెట్టిన అర్జీ సంగతి తేల్చుకోకుండా ఇక్కడ ఇంకోటి పెట్టకు.

లూథరన్_బావ
అంటే ఒక కాగితం లేకపోతే అన్నేళ్ల కాపురం ఎగిరిపోతుంది, ఉంటే ఆ పిల్ల ఇంకా తిరగాలి. న్యాయమేనా ఇది?

రిటైర్డ్_గుమాస్తా
న్యాయమని నేనన్లేదు బావగారూ.

పాలకొల్లు_చిన్నోడు
అమ్మకి ఫోన్ చేశాను. ట్రంకు పెట్టెలో ముద్రేసిన కాగితం ఒకటుందంటోంది. ఆదివారం పూజయ్యాక వెళ్లి చూస్తా.

రిటైర్డ్_గుమాస్తా
ముద్ర విచారణ గుడిదా, పీఠానిదా, అది చూడు ముందు. తేదీ పెళ్లికి ముందుదో తర్వాతదో కూడా.