మాస్టర్స్ ఆఫ్ ది ఎయిర్: బాంబులు పడిన ఊళ్లను కూడా చూపించాలా? (2024 జనవరిలో, సిరీస్ విడుదలకు ముందు సాగిన చర్చ)

ఇనుపరెక్క

‘మాస్టర్స్ ఆఫ్ ది ఎయిర్’ సిరీస్ వచ్చే శుక్రవారం, అంటే 2024 జనవరి 26న, యాపిల్ టీవీ ప్లస్‌లో మొదలవుతోంది. మొదటి రోజు రెండు భాగాలు, తర్వాత వారానికొకటి. మార్చి 15న తొమ్మిదో భాగంతో ముగింపు. 2001లో ‘బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్’, 2010లో ‘ది పసిఫిక్’ తీసిన స్పీల్‌బర్గ్, టామ్ హ్యాంక్స్ జట్టే దీన్నీ నిర్మించింది. ఆ రెండూ రెండో ప్రపంచ యుద్ధంలో నేలమీద పోరాడిన సైనికుల కథలు. ఇది అదే యుద్ధంలో ఆకాశంలోని వాళ్ల కథ. అమెరికా ఎనిమిదో వైమానిక దళంలోని వందో బాంబర్ గ్రూపు, వాళ్ల బీ-17 బాంబర్ విమానాలు, ఇంగ్లండులోని నార్ఫోక్ పల్లెల మధ్య వాళ్ల స్థావరం థోర్ప్ ఆబట్స్. ఏళ్ల తరబడి ఎదురుచూశాను. ఇప్పుడు ఆత్రంతో పాటు ఒక బెంగ కూడా పట్టుకుంది.

ఆ గ్రూపు చరిత్రలో 1943 అక్టోబరు 10 ఉంది. ఆదివారం. లక్ష్యం జర్మనీలోని మ్యూన్‌స్టర్. ఫ్యాక్టరీ కాదు, జలాంతర్గాముల రేవు కాదు, నగరం నడిబొడ్డే గురి. అక్కడ నివసించే రైల్వే కార్మికులను దెబ్బతీస్తే జర్మనీ పరిశ్రమలకు కేంద్రమైన రూర్ ప్రాంతంలో రైళ్లు ఆగిపోతాయన్నది లెక్క. ఆ రోజు వందో గ్రూపు నుంచి వెళ్లిన 13 విమానాల్లో తిరిగి వచ్చింది ఒక్కటే, రాబర్ట్ రోసెంథాల్ నడిపినది.

ఆ ఒక్క విమానం నేలను తాకే దృశ్యం అద్భుతంగా తీస్తారు, సందేహం లేదు. నా ప్రశ్న వేరు. ఆ మధ్యాహ్నం మ్యూన్‌స్టర్ వీధుల్లో ఏం జరిగిందో తొమ్మిది భాగాల్లో ఒక్క పది నిమిషాలైనా చూపించాలా, వద్దా? చూపించాలన్నది నా వాదన. బాంబు వేసినవాడి ప్రాణభయాన్ని మాత్రమే చూపి, అది పడిన ఇంటిని వదిలేసే యుద్ధకథ సగం కథే.

కాక్‌పిట్‌కిటికీ

వద్దు. ఇది కఠినంగా వినిపిస్తుందని తెలుసు, అయినా నా సమాధానం ఇదే.

ఒక నాటకానికి దృష్టికోణం ఉంటుంది. ఇరవై అయిదు వేల అడుగుల ఎత్తులో, మైనస్ నలభై డిగ్రీల చలిలో, పదిమంది ఒక పలుచని అల్యూమినియం గొట్టంలో ఉన్నారు. నడుము భాగంలోని తుపాకీవాళ్లు తెరిచిన కిటికీల దగ్గరే నిలబడేవాళ్లు. చేతి తొడుగు తీసి తుపాకీని ముట్టుకుంటే చర్మం ఊడి వచ్చేది. ఆక్సిజన్ గొట్టంలో ఊపిరి తేమ గడ్డకడితే పక్కవాడు గమనించేలోపే మనిషి స్పృహ తప్పేవాడు. వాళ్లకు కింద కనిపించింది పొగ. అంతే. కెమెరాను కిందికి దింపిన మరుక్షణం వాళ్లకు లేని జ్ఞానాన్ని ప్రేక్షకుడికి ఇచ్చేస్తున్నాం. ఆ తర్వాత వాళ్లతో పాటు మనం ఎగరడం లేదు, న్యాయమూర్తి కుర్చీలో కూర్చున్నాం.

పైనున్నవాడికి కింద ఏమీ కనిపించకపోవడమే ఈ యుద్ధంలోని అసలు భయానకం. దాన్ని అలాగే ఉంచాలి.

పాతపుటలు

మీ ఇద్దరి మాటల్లోనూ ఒక ముఖ్యమైన సంగతి రాలేదు. బాంబు ఎవరు వేశారు?

అమెరికన్ బాంబర్లలో అమర్చిన నార్డెన్ గురియంత్రం గురించి అందరూ వినే ఉంటారు. ఊరగాయ జాడీలోకి బాంబు వేయగలదన్న ప్రచారం దానికి ఉండేది. ఆచరణలో 1943 నాటికి జరిగింది ఇది: గుంపులో ముందున్న విమానంలోని బొంబార్డియర్ (బాంబులు గురిపెట్టి వదిలేవాడు) గురి చూస్తాడు, అతని బాంబులు జారడం చూడగానే మిగతావాళ్లు తమవీ వదిలేస్తారు. గురి చూసే ఆ కొన్ని నిమిషాలు విమానం తిన్నగా, మట్టంగా పోవాలి. కింద నుంచి ఎంత ఫిరంగి కాల్పులు వచ్చినా పక్కకు తప్పుకోవడానికి లేదు. అంటే చాలామంది బొంబార్డియర్లు దేనికీ గురి పెట్టలేదు, ముందువాడిని అనుసరించారు. మేఘాలు కమ్మితే రాడార్ సాయంతో ఊహించి వేశారు. యుద్ధం తర్వాత అమెరికా ప్రభుత్వమే జరిపించిన సర్వే ప్రకారం, కచ్చితమైన లక్ష్యాలంటూ వేసిన బాంబుల్లో గురిబిందువు చుట్టూ వెయ్యి అడుగుల లోపల పడినవి సుమారు 20 శాతం. మిగతావి ఎక్కడ పడ్డాయి?

బ్రిటిష్‌వాళ్లు రాత్రిపూట నగరాలనే తగలబెట్టారు. 1943 జులై చివర హాంబర్గ్‌లో కొద్ది రోజుల్లోనే 35 వేలకు పైగా మనుషులు చనిపోయారు. అమెరికన్లు మాత్రం తాము పగలు ఎగిరి ఫ్యాక్టరీలనే కొడుతున్నామని నమ్మారు, తమ ప్రజలకూ అదే చెప్పారు. మ్యూన్‌స్టర్ రోజున ఆ నమ్మకం పగిలింది. కాబట్టి అది మరో దాడి కాదు. ఈ సిరీస్ నిజాయితీకి అదే పరీక్ష.

తూర్పుగాలి

దయచేసి ఒక్క విషయం మరిచిపోకండి. 1939 సెప్టెంబరులో వార్సా మీద, 1940 మే నెలలో రోటర్‌డామ్ మీద, అదే ఏడు నవంబరులో కోవెంట్రీ మీద బాంబులు ఎవరు వేశారు? పదినిమిషాల పాటు జర్మన్ తల్లి, బిడ్డ, కూలిన ఇల్లు చూపించి వదిలేస్తే, ఈ చరిత్ర తెలియని కుర్రవాడు ఏమనుకుంటాడు? ఇద్దరూ ఒకటేనంటాడు. ఒకటి కాదు. ఆ విమానాల్లో ఎగిరిన వాళ్లలో యూదులూ ఉన్నారు. రోసెంథాల్ బ్రూక్లిన్ యూదుడు, 52 దాడుల్లో పాల్గొన్నాడు, యుద్ధం ముగిశాక నాజీ నేతల మీద జరిగిన న్యూరెంబర్గ్ విచారణల్లో న్యాయవాదిగా పనిచేశాడు. అలాంటి మనిషి ఎందుకు ఎగిరాడో చెప్పకుండా, అతని బాంబు ఎక్కడ పడిందో మాత్రమే చెప్పడం నాకు అన్యాయంగా తోస్తుంది.

దృశ్యం పెట్టవద్దని నేను అనడం లేదు. పెడితే పూర్తి లెక్కతో పెట్టాలి. తొమ్మిది గంటల్లో ఆ లెక్కకు చోటు ఉందా అన్నదే నా సందేహం.

ఇనుపరెక్క

తూర్పుగాలి గారూ, రెండూ ఒకటేనని నేనూ అనను. హిట్లర్ ఓడాలి. ఓడించిన పద్ధతిని చూడటానికి ధైర్యం ఉండాలన్నదే నా మాట. ‘బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్’ తొమ్మిదో భాగం గుర్తు తెచ్చుకోండి. నిర్బంధ శిబిరం బయటపడుతుంది, పక్క ఊరి జర్మన్లను రప్పించి శవాలను పాతిపెట్టిస్తారు. చివరి భాగంలో లొంగిపోయిన జర్మన్ సేనాని తన సైనికులకు వీడ్కోలు చెబుతాడు, ఆ మాటలు విని అమెరికన్ల ముఖాలు మారతాయి. శత్రువును మనిషిగా చూపించినంత మాత్రాన నాజీల నేరం చిన్నదైపోలేదు. ఆ రెండు దృశ్యాలూ ఒకే సిరీస్‌లో, పక్కపక్క భాగాల్లో ఉన్నాయి.

కాక్‌పిట్‌కిటికీ గారూ, ఒక ప్రశ్న. కింద కనిపించింది పొగ మాత్రమే అన్నారు. సరే. మరి బయలుదేరే ముందు?

కాక్‌పిట్‌కిటికీ

బయలుదేరే ముందు అంటే బ్రీఫింగ్ గదా? అక్కడ వాళ్లకు తెలుసు, ఒప్పుకుంటాను. తెల్లవారకముందే నిద్ర లేపుతారు. పొడవైన గదిలో అందరూ కూర్చున్నాక పటం మీది తెర లాగుతారు, దారి ఎక్కడి వరకు వెళ్తుందో చూసి గది మూలుగుతుంది. గురిబిందువు ఏదో అప్పుడే చెబుతారు. మ్యూన్‌స్టర్ విషయంలో కొందరు కలవరపడ్డారనీ, ముందు రోజుల్లో స్నేహితులను పోగొట్టుకున్న కొందరు సంతోషించారనీ బతికినవాళ్లు తర్వాత చెప్పుకున్నారు.

ఆ గది చూపించండి. పూర్తిగా చూపించండి. కలవరపడ్డవాడి ముఖం, సంతోషించినవాడి ముఖం ఒకే చట్రంలో పెట్టండి. నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే అది వాళ్లు చూసినదే. నేను కాదనేది మ్యూన్‌స్టర్ వీధిలోకి కెమెరా దూకడాన్ని.

శ్రవణి_చూపు

చరిత్ర చదవకుండా సిరీస్ చూద్దామనుకున్నవాళ్లం కూడా ఇక్కడ ఉన్నాం. ఎవరు తిరిగి వస్తారో, ఎవరు రారో ఇప్పుడే చెప్పేస్తే ఎలా? బార్రీ కియోగన్, ఆస్టిన్ బట్లర్, కాలమ్ టర్నర్ వేసే పాత్రలకు ఏమవుతుందో మాత్రం రాయకండి.

నిర్వాహకులు

విన్నపం న్యాయమైనదే. ప్రధాన పాత్రల గతి ఈ చర్చలో రాయవద్దు. దాడుల తేదీలు, నష్టాలు బహిరంగ చరిత్ర కనుక వాటిని తొలగించడం లేదు.

పాతపుటలు

నష్టాల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. కింద ఉన్నవాళ్ల గురించి మాట్లాడటం పైనున్నవాళ్ల త్యాగాన్ని తగ్గించడం కాదు. ఎనిమిదో వైమానిక దళంలో చనిపోయినవాళ్లు సుమారు 26 వేలు. ఆ యుద్ధం మొత్తంలో అమెరికా మెరైన్ దళం కోల్పోయినవాళ్ల కంటే ఎక్కువ. 1943 ఆగస్టు 17న జర్మనీలోని రెగెన్స్‌బర్గ్, ష్వైన్‌ఫుర్ట్ నగరాల మీదికి ఒకే రోజు పంపిన 376 విమానాల్లో 60 కూలాయి. అక్టోబరు 14న మళ్లీ ష్వైన్‌ఫుర్ట్ వెళ్లి మరో 60 పోగొట్టుకున్నారు. బాంబర్లకు కాపలాగా వెంట వచ్చే యుద్ధవిమానాలకు అంత దూరం పోయేటంత ఇంధనం ఉండేది కాదు. దూరం పోగల పీ-51 మస్టాంగ్‌లు వచ్చి, 1944 ఫిబ్రవరి, మార్చి నెలల్లో జర్మన్ యుద్ధవిమానాల నడుం విరగ్గొట్టేదాకా పరిస్థితి అలాగే ఉంది. 25 దాడులు పూర్తి చేస్తే ఇంటికి పంపుతామన్నారు. 1943లో ఆ సంఖ్య చేరగలమని నమ్మినవాడు అరుదు.

అంత మూల్యం చెల్లించి సాధించిందేమిటి? ష్వైన్‌ఫుర్ట్ బాల్ బేరింగుల పరిశ్రమ దెబ్బతిన్నా జర్మనీ ఆగలేదు, ఉత్పత్తిని చెల్లాచెదురుగా పలుచోట్లకు తరలించింది. 1944లో వాళ్ల యుద్ధవిమానాల ఉత్పత్తి పెరిగింది కూడా. నిజంగా ఊపిరి బిగిసింది 1944 మే నుంచి చమురు కర్మాగారాల మీద దాడులు మొదలయ్యాక. అయితే ఈ దాడుల వల్ల జర్మన్ యుద్ధవిమానాలు, ఫిరంగులు సోవియట్లతో పోరాడే తూర్పు రణరంగం నుంచి వెనక్కి రావలసి వచ్చింది, అది చిన్న ఫలితం కాదు. చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకునే విషయం ఇది. సిరీస్ దీన్ని దాటవేసి, ప్రతి దాడీ విజయానికి ఒక మెట్టు అన్నట్టు చూపిస్తే నేను బాధపడతాను.

నేలచూపు

ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. మీ వాదనలో ఒక దారి ఎవరికీ తట్టలేదు.

కాక్‌పిట్‌కిటికీ గారి నియమం: వైమానికుడు చూసినదే చూపాలి. ఇనుపరెక్క గారి కోరిక: నేలమీది సంగతి చూపాలి. వైమానికుడే నేలమీదికి దిగితే? వేలమంది దిగారు. పారాచూట్‌తో. పొలాల్లో, అడవుల్లో, ఒక్కోసారి తాము కొట్టిన ఊళ్ల పక్కనే. పట్టుబడ్డవాళ్లను విచారణ కోసం ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనున్న ఓబెరుర్సెల్ కేంద్రానికి తీసుకెళ్లేవాళ్లు. దారిలో కూలిన వీధులు, రైల్వే స్టేషన్లలో బాంబుల పాలైన జనం. ఇంతకాలం పొగగా కనిపించినదాన్ని ఆ మనిషి మొదటిసారి ముఖాముఖి చూస్తాడు, చేతులు కట్టేసి ఉండగా.

జనం కూడా అతన్ని చూస్తారు. 1944 ఆగస్టు 26న జర్మనీలోని రూసెల్‌షైమ్‌లో ఏం జరిగిందో వెతికి చదవండి. ముందు రాత్రి బ్రిటిష్ విమానాలు ఆ ఊరిని కొట్టాయి. తెల్లవారాక, మరోచోట కూలిన బీ-24 బాంబర్ విమానం తాలూకు ఎనిమిదిమంది అమెరికన్ బందీలను ఆ వీధుల గుండా నడిపించారు. జనం రాళ్లతో, సుత్తులతో మీద పడ్డారు. ఆరుగురు చనిపోయారు, ఇద్దరు చచ్చినట్టు పడి ఉండి బతికిపోయారు. ఆ ఊరిని కొట్టింది వాళ్లు కాదు. ఆ సంగతి గుంపుకు తెలియదు, తెలిసినా వినేది కాదు. చంపినవాళ్లలో కొందరికి యుద్ధం తర్వాత ఉరిశిక్ష పడింది.

ఇందులో నేరం ఎవరిది, బాధ ఎవరిది అని గీత గీయండి చూద్దాం. తూర్పుగాలి గారు అడిగిన పూర్తి లెక్క ఇలాంటి ఒక్క దృశ్యంలో ఇమిడిపోతుంది. కెమెరా వైమానికుడిని వదలనక్కర లేదు.

తూర్పుగాలి

దీనికి నేను ఒప్పుకుంటాను. ఆ వీధిలో జాలి కలుగుతుంది, కానీ జాలి ఎవరినీ నిర్దోషిగా మార్చదు. ఇంకొకటి కూడా కోరతాను. పట్టుబడిన వైమానికుడు రైలులో వెళ్తూ దారిలో నిర్బంధితులతో నిండిన మరో రైలును చూసే అవకాశం ఉంది. తాను ఎందుకు ఎగిరాడో అతనికీ, మనకూ అక్కడ అర్థమవుతుంది.

కాక్‌పిట్‌కిటికీ

నేలచూపు గారి దారి నా నియమాన్ని ఉల్లంఘించదు, కాబట్టి కాదనను. ఒకే షరతు. ఆ వీధిలో నడిచేవాడి నోట ఉపన్యాసం పెట్టకూడదు. కూలిన ఇంటి ముందు ఆగి ‘మనం ఇదా చేసింది’ అని అతనిచేత అనిపిస్తే దృశ్యం అక్కడే చచ్చిపోతుంది. ఈ సిరీస్ రచయిత జాన్ ఓర్లాఫ్ ‘బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్’కు రెండు భాగాలు రాసినవాడు, మాట ఎక్కడ ఆపాలో అతనికి తెలుసునని నా నమ్మకం.

ఇనుపరెక్క

షరతు నాకూ సమ్మతమే. కానీ పూర్తిగా తృప్తి పడలేదు, దాచుకోను. రూసెల్‌షైమ్ లాంటి దృశ్యంలో కూడా చివరకు మనం భయపడేది అమెరికన్ ప్రాణం కోసమే. మ్యూన్‌స్టర్‌లో ఆ ఆదివారం చనిపోయినవాళ్లు అప్పటికీ గుంపుగానే, కోపంగా అరిచే ముఖాలుగానే మిగులుతారు. వాళ్లలో ఒక్కరికైనా పేరు ఉండాలని కోరుకోవడం అత్యాశ కాదని ఇప్పటికీ అంటాను.

అది దొరకకపోయినా, బ్రీఫింగ్ గదిలో అధికారి గురిబిందువును నోరు తెరిచి చెప్పాలి. ‘నగర మధ్యభాగం’ అన్న మాట ప్రేక్షకుడి చెవిన పడాలి. ఆ మాట మింగేసి ‘రైల్వే కూడలి’ అని సరిపెడితే మాత్రం, విమానాల చిత్రీకరణ ఎంత గొప్పగా ఉన్నా ఈ సిరీస్‌ను నేను క్షమించలేను. వారం వారం వస్తుంది కాబట్టి మ్యూన్‌స్టర్ భాగం ఏ శుక్రవారం పడుతుందో చూడాలి. అది రాగానే దాని మీద వేరే చర్చ మొదలుపెడతాను. శ్రవణి గారి కోసం ఆ శీర్షికలో ఎవరి పేరూ పెట్టను.