బ్రైస్ కెన్యాన్: క్వీన్స్ గార్డెన్, నవాహో లూప్ కలిపి ఎటు నుంచి ఎటు నడవాలి?

ఎర్రమట్టి_దారి (ప్రశ్న)

అక్టోబర్ రెండో వారంలో లాస్ వేగస్ నుంచి కారులో యూటా వెళ్తున్నాం. అక్కడి బ్రైస్ కెన్యాన్ నేషనల్ పార్క్‌కి రోజున్నర పెట్టుకున్నాం. అమ్మకి 61, నాన్నగారికి 66, పాపకి 7. నాన్న రోజూ గంటసేపు నడుస్తారు. అమ్మకి మెట్లు దిగేటప్పుడు మోకాళ్లు పట్టేస్తాయి. పైనుంచి చూసి వచ్చేయకుండా ఆ రంగురాళ్ల మధ్యకి దిగి నడవాలని అందరికీ ఉంది. క్వీన్స్ గార్డెన్, నవాహో లూప్ అనే రెండు నడకదారులు కలిపి ఒక చుట్టు వేయొచ్చని చదివాను. ఎక్కడ మొదలుపెట్టాలి? మామూలు వాకింగ్ షూ చాలా? అమ్మని దింపొచ్చా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

నల్లమల_నడక

లోయ అంచున ఉన్న సన్‌రైజ్ పాయింట్ దగ్గర మొదలుపెట్టి క్వీన్స్ గార్డెన్ మీదుగా దిగండి. అడుగున కలిపే దారి పట్టుకుని వెళ్లి, నవాహో లూప్ మీదుగా సన్‌సెట్ పాయింట్‌కి ఎక్కండి. అక్కణ్నించి అంచు వెంట అర మైలు నడిస్తే మీ కారు దగ్గరికి వచ్చేస్తారు. మొత్తం 2.9 మైళ్లు, అంటే దాదాపు 4.6 కిలోమీటర్లు. ఎక్కుడు 600 అడుగులు. పాపతో కలిసి మూడు గంటలు వేసుకోండి. పార్కువాళ్లు కూడా గడియారం ముల్లు తిరిగే ఈ దిశనే సూచిస్తారు.

కారణం వాలు. ఆ లోయలోకి దిగే దారుల్లో క్వీన్స్ గార్డెన్ అన్నిటికన్నా మెల్లగా దిగుతుంది. నవాహో వైపు నిటారుగా, మెలికల మీద మెలికలు. అటువంటి వాలు ఎక్కితే ఆయాసం వస్తుంది, కాసేపు నిలబడితే పోతుంది. దిగితే మాత్రం మోకాలు పట్టేస్తుంది, కాలు జారుతుంది. దారంతా సన్న గులకే. గట్టి నేల మీద రాగులు పోసి నడవమన్నట్టు ఉంటుంది.

అందుకే షూ ముఖ్యం. అడుగు అరిగిన వాకింగ్ షూ వద్దు. అక్కడ ఎక్కువగా జరిగే ప్రమాదం చీలమండ బెణకడం. అడుగున లోతైన గాట్లు ఉండి, చీలమండని పట్టి ఉంచే హైకింగ్ షూ అందరికీ కొనండి, పాపకి కూడా. కొత్తవైతే వారం ముందు నుంచే తొడిగి నడవండి. బయల్దేరే ముందు రోజు కాలిగోళ్లు కత్తిరించుకోండి. దిగేటప్పుడు పాదం ముందుకు జారి గోళ్లు షూకి కొట్టుకుంటాయి. లేసు పైరంధ్రాల దగ్గర బిగించి కడితే మడమ కదలదు, ఆ బాధ చాలావరకు తప్పుతుంది.

నీళ్లు పాపకి లీటరు, పెద్దవాళ్లకి లీటరున్నర. దిగాక కింద నీళ్లు లేవు, బాత్రూమ్‌లూ లేవు. పాపని పైనే తీసుకెళ్లి రండి.

క్వీన్స్ గార్డెన్‌లో దారి రాతిని తొలిచిన సొరంగాల గుండా పోతుంది. అవి దాటాక పక్కకి చీలే చిన్న ముక్క ఉంటుంది, బోర్డు చూసుకోండి. విక్టోరియా రాణిలా కనిపించే రాయి ఆ ముక్క చివర ఉంది. చాలామంది బోర్డు గమనించకుండా నేరుగా వెళ్లిపోతారు.

రాతిపొరలు

దారి గురించి పైన చెప్పారు కాబట్టి రాళ్ల గురించి చెప్తాను. ఇది తెలిస్తే కింద నడిచేటప్పుడు కళ్లు వేరేగా చూస్తాయి.

పేరు కెన్యాన్ కానీ ఏ నదీ దీన్ని కోయలేదు. పీఠభూమి అంచు విరిగిపడుతూ పడుతూ ఏర్పడిన గిన్నెలాంటి పల్లాలు ఇవి. రాళ్లు సుమారు ఐదు కోట్ల ఏళ్ల కింద సరస్సుల అడుగున పేరుకున్న సున్నపురాయి, బురదరాయి పొరలు. అక్కడ ఏడాదిలో సగం రోజులకు దగ్గరగా పగలు మంచు కరిగి, రాత్రి మళ్లీ గడ్డకడుతుంది. నీరు గడ్డకడితే 9 శాతం ఉబ్బుతుంది. పగుళ్లలో దూరిన నీరు ప్రతి రాత్రీ చీలలా పనిచేసి రాతిని విడదీస్తుంది. ముందు పలచటి గోడ మిగులుతుంది, తర్వాత గోడకి కిటికీ పడుతుంది, ఆ కిటికీ నెత్తి కూలాక రెండు పక్కలా నిలిచేవే హూడూ స్తంభాలు. ఈ మూడు దశలూ మీ దారిలోనే పక్కపక్కన కనిపిస్తాయి, పాపకి చూపించండి.

ఒక హూడూ దగ్గర ఆగి పైనుంచి కిందికి చూడండి. ఒకచోట ఉబ్బు, ఒకచోట నడుములా నొక్కు. ఉబ్బిన చోట రాయి గట్టిది, నొక్కుకుపోయిన చోట మెత్తటి బురదరాయి. చాలావాటికి నెత్తిన తెల్లటి టోపీ ఉంటుంది. అది డోలమైట్. మామూలు సున్నపురాయిని వాన నీరు సులువుగా కరిగిస్తుంది, దీన్ని అంత సులువుగా కరిగించలేదు. ఆ టోపీ గొడుగై కింది స్తంభాన్ని కాస్తుంది. అది పడిపోయిన రోజు నుంచి స్తంభం త్వరగా కరుగుతుంది.

ఇటుకరంగు, గుమ్మడిపండు రంగు, పసుపు, ఇవన్నీ ఇనుము తుప్పు రకాలు. అక్కడక్కడా కనిపించే నేరేడు ఛాయ మాంగనీసుది. ఎర్రగా కనిపించే ప్రతి రాయీ లోపలిదాకా ఎర్రగా ఉండదు. వానకి పై పొరల ఎర్రబురద జారి కింది తెల్లరాయి మీద పూతలా ఆరుతుంది. పూత పెచ్చులూడిన చోట లోపలి తెలుపు బయటపడుతుంది.

మీ కాలి కింద గులక కూడా ఈ రాలిన రాయే. రోజూ రాలుతూనే ఉంటుంది కాబట్టి దారి ఎంత ఊడ్చినా మళ్లీ నిండుతుంది. దయచేసి దారి వదిలి వాలు మీదికి ఎక్కకండి. ఒక్క అడుగుతో గీరుకుపోయిన వాలు పూడదు, కింద నడిచేవాళ్ల మీద రాళ్లు పడతాయి. అదే బాధ రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చేవాళ్లతోనూ.

వెలుగునీడ

ఫొటోలు అడగలేదు గానీ, అందరూ తప్పుచేసే చోటు కాబట్టి చెప్తున్నాను. సన్‌సెట్ పాయింట్ పేరు చూసి సాయంత్రం అక్కడికి పరిగెత్తకండి. ఆ పల్లం తూర్పుకి తెరుచుకుని ఉంటుంది, సూర్యుడు మీ వెనక అస్తమిస్తాడు. ఆ వేళకి రాళ్లు నీడలోకి వెళ్లిపోతాయి. వెలుగు పొద్దున్నే. మీరు వెళ్లే వారంలో సూర్యోదయం సుమారు 7:30కి. అంచు మీదే ఉన్న బ్రైస్ పాయింట్‌కి అరగంట ముందు చేరండి.

కింద నడిచేటప్పుడు ఎండ నేరుగా పడిన రాయిని కాక, దాని ఎదురు నీడలో ఉన్న గోడని తీయండి. ఒక గోడ మీద పడిన ఎండ ఎదురు గోడకి కొడుతుంది. రాయి లోపల దీపం పెట్టినట్టు వెలుగుతుంది. ఉదయం 9 నుంచి 11 దాకా ఇది బాగా దొరుకుతుంది. మిట్టమధ్యాహ్నం రంగులు వెలిసిపోతాయి.

నెవాడా నుంచి యూటాలోకి రాగానే గడియారం గంట ముందుకి జరుగుతుందని మర్చిపోకండి. దూరం 260 మైళ్లు, నాలుగు గంటల డ్రైవ్, దానికి ఈ గంట కలపండి.

ఎర్రమట్టి_దారి

అందరికీ చాలా థాంక్స్ అండీ. రెండు సందేహాలు. ఎత్తు వల్ల పెద్దవాళ్లకి ఇబ్బంది ఉంటుందా? అమ్మ సంగతి ఎవరూ తేల్చలేదు. పోల్స్ (నడక కర్రలు) ఇచ్చి మెల్లగా దింపొచ్చా?

నల్లమల_నడక

అమ్మగారిని మొత్తం చుట్టుకి దింపొద్దు. తిరుమల మెట్లదారికి ఇది తలకిందులు. అలిపిరిలో ముందు ఎక్కుతాం, దిగడానికి బస్సు ఉంటుంది. ఇక్కడ హాయిగా దిగిపోతాం, ఎక్కుడంతా అలిసిపోయాక మిగులుతుంది, మధ్యలో బస్సు లేదు. నవాహో అడుగున మోకాలు పట్టేస్తే పైకి తేవడం అందరికీ కష్టం.

ఆవిడకి ఇంకో మార్గం ఉంది. సన్‌రైజ్, సన్‌సెట్ పాయింట్ల మధ్య అర మైలు చదునైన, తారు వేసిన దారి, చక్రాల కుర్చీ కూడా పోతుంది. థోర్స్ హామర్ అనే సుత్తి ఆకారపు రాయి సన్‌సెట్ పాయింట్ నుంచే దగ్గరగా కనిపిస్తుంది. రాళ్ల మధ్య నిలబడాలన్న కోరికకి మోసీ కేవ్ అనే చిన్న నడకదారి ఉంది. ట్రాపిక్ ఊరివైపు హైవే 12 మీద, రానుపోను 0.8 మైలు. అక్కడ రోడ్డు హూడూల పాదాల దగ్గరే ఉంటుంది కాబట్టి లోయలోకి దిగే పని లేదు. తల ఎత్తి చూడటమే. కొంచెం ఎక్కుడు ఉంది, మెట్లలా కాదు. పార్కింగ్ చిన్నది, ఉదయం 9 లోపు వెళ్లండి.

నాన్నగారికి పోల్స్ తప్పకుండా ఇవ్వండి. చదును నేల మీద మోచేయి లంబంగా వంగేంత పొడుగు పెట్టి, దిగేటప్పుడు 5 నుంచి 10 సెంటీమీటర్లు పెంచాలి, ఎక్కేటప్పుడు అంతే తగ్గించాలి. పొడుగు మార్చకుండా వాడితే దిగేటప్పుడు నడుము ముందుకి వంగి తూలతారు.

మంచుగాలి

ఎత్తు గురించి. అంచు 8,000 అడుగులు, అంటే ఊటీ కంటే ఎత్తు. సముద్రమట్టంతో పోలిస్తే ఊపిరికి నాలుగో వంతు ఆక్సిజన్ తక్కువ అందుతుంది. వచ్చిన రోజే నడవకుండా రాత్రి అక్కడ పడుకుని మర్నాడు దిగండి. ఎక్కేటప్పుడు మాట్లాడుతూ నడవలేకపోతే వేగం ఎక్కువైనట్టే, తగ్గించండి. తలనొప్పి, వికారం మొదలైతే ఆ రోజుకి నడక ఆపేయాలి. నాన్నగారికి గుండె, ఊపిరితిత్తుల ఇబ్బందులుంటే ముందే డాక్టర్‌ని అడగండి.

వెనక్కి తిరగడానికి లెక్క: దిగిన సమయానికి రెట్టింపు ఎక్కడానికి పడుతుంది. క్వీన్స్ గార్డెన్‌లో 20 నిమిషాలు దిగాక నాన్నగారికి సౌకర్యంగా లేకపోతే అక్కడే తిరగండి, 40 నిమిషాల్లో పైకి వస్తారు. నవాహో అడుగుకి చేరాక ఆ వెసులుబాటు ఉండదు.

అక్టోబర్‌లో రాత్రి గడ్డకట్టే చలి. పొద్దున నీడపట్టు మెలికల్లో పలచటి మంచుపొర ఉండొచ్చు. సూర్యోదయం పైనుంచి చూసి, టిఫిన్ చేసి, తొమ్మిది దాటాక దిగితే అది చాలావరకు కరుగుతుంది. ముందురోజు వానపడితే దారి జిగటబురద అవుతుంది, షూకి అరకిలో అంటుకుంటుంది. అలాంటప్పుడు ఆరేదాకా ఆగండి.

ఎక్కేచోట నవాహోకి రెండు కొమ్మలు: ఎత్తైన గోడల మధ్య సన్నటి సందులా ఉండే వాల్ స్ట్రీట్, రెండోది టూ బ్రిడ్జెస్. రాళ్లు పడితే ఏదో ఒకటి మూసేస్తారు, వాల్ స్ట్రీట్‌ని ఎలాగూ చలికాలమంతా మూసే ఉంచుతారు. పొద్దున్నే విజిటర్ సెంటర్‌లో ఏది తెరిచి ఉందో అడగండి. పార్కులో తిరిగే ఉచిత షటిల్ బస్సు ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా నడుస్తుంది, ఆఖరి తేదీ ఏటా మారుతుంది. అది కూడా అప్పుడే కనుక్కోండి.