రీహాబ్‌లో మనల్ని సగమే చూస్తే ఎలా? (అమెరికాలో ఉన్నవాళ్లు చెప్పండి)

మూడోమెట్టు: తాగుడు మానడానికి రెండుసార్లు రీహాబ్ కేంద్రాల్లో చేరి, రెండుసార్లూ మధ్యలో వచ్చేశాను. నేను గే. మొదటిచోట గ్రూప్‌లో అందరూ భార్యల గురించి మాట్లాడుతుంటే నా పార్ట్‌నర్‌ని రూమ్మేట్ అని చెప్పాను. తాగుడు ఎందుకు ముదిరిందో చెప్పాలంటే అతని సంగతి చెప్పాలి. అదే దాచాక ఇక చికిత్స దేనికి? రెండోది ఎల్జీబీటీ వాళ్ల ప్రోగ్రామ్. అక్కడ తెల్లవాళ్లు కానిది నేనొక్కణ్ణే. "ఇంట్లో చెప్పెయ్, ఒప్పుకోకపోతే తెంచుకో" అన్నాడు కౌన్సెలర్. అమ్మానాన్నల్ని తెంచుకుంటే నాకెవరు మిగులుతారో అడగలేదు. మళ్లీ వెళ్లాలనుంది. ఎలా వెతకాలి?

వానవెలిసింది: నా పార్ట్‌నర్ నల్లజాతి అమ్మాయి. ఇద్దరం నొప్పి మాత్రలకే అలవాటుపడ్డాం. నాకు ఆ అలవాటు మాన్పించే మందు, బ్యూప్రెనార్ఫిన్ రాసి ఇంటికి పంపారు. తనని మెథడోన్ అనే ఇంకో మందు ఇచ్చే క్లినిక్‌కి పంపారు. మొదట్లో రోజూ వెళ్లి నర్సు ఎదుటే వేసుకోవాల్సి వచ్చింది, దాంతో పొద్దుటి షిఫ్టు పోయింది. రెండూ ప్రాణం నిలిపే మందులే, మెథడోన్‌ని తప్పుపట్టను. కానీ తనకి రెండో దారి ఉందని ఎవరూ చెప్పకపోవడం నాకిప్పటికీ మంట. తను ఎదురడగలేదు కూడా. దానికీ కారణముంది. ఇక్కడి 1986 చట్టం ప్రకారం 5 గ్రాముల క్రాక్‌కీ (పొగగా పీల్చే కొకైన్) 500 గ్రాముల పొడి కొకైన్‌కీ ఒకే కనీస శిక్ష, ఐదేళ్లు. 2010లో తేడా తగ్గించారు గానీ, క్రాక్ కేసుల్లో జైలుకెళ్లింది ఎక్కువగా నల్లవాళ్లే. ఆ భయమున్న ఇంట్లో పెరిగిన మనిషికి "నేను డ్రగ్స్ వాడాను" అనడమే గండం.

సిరి_ఇప్పుడు: నేను ట్రాన్స్ మహిళని. నన్ను మగవాళ్ల వార్డులో పెట్టి, హార్మోన్లు ఆపమన్నారు. మూడో రోజే వచ్చేశాను. తర్వాత చేరినచోట ముందే ఫోన్ చేసి, గది ఎక్కడిస్తారు, హార్మోన్లు కొనసాగిస్తారా, ఏ పేరుతో పిలుస్తారు అని అడిగాను. తడబడకుండా జవాబిచ్చారు. పద్నాలుగు నెలలైంది, ముట్టలేదు.

గ్రూప్‌అక్క: నేను ఈ రంగంలోనే కౌన్సెలర్‌ని. మూడోమెట్టు గారూ, మీరు ఓడిపోలేదండీ, ఆ గదులు మీకు సరిపోలేదు. నిత్యం దాచుకుంటూ, చిన్నచూపు భరిస్తూ బతకడం వల్ల పడే ఒత్తిడిని ఇలాన్ మేయర్ అనే పరిశోధకుడు 2003లో "మైనారిటీ స్ట్రెస్" అని వివరించారు. జాతి వివక్ష కూడా తోడైతే ఆ బరువు ఇంకా పెరుగుతుంది. ఫోన్‌లో "నా కుటుంబం నాకు ముఖ్యం, దాన్ని వదలకుండా ఎలా సాయం చేస్తారు?" అని అడగండి. గొంతులోనే తెలిసిపోతుంది. ఇంట్లో తెలుస్తుందని టెన్షన్ వద్దు. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) సాయం పొందే చికిత్స కేంద్రాలు మీ రాతపూర్వక అనుమతి లేకుండా చికిత్స వివరాలు ఇంట్లోవాళ్లకి చెప్పకూడదు. ఒక్కటి మాత్రం వినండి. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలోనే ఆపండి.

మూడోమెట్టు: అక్కా, ఆపేద్దామనే నిన్న సీసాలన్నీ పారబోశాను. పొద్దున్నుంచీ చేతులు వణుకుతున్నాయి.

గ్రూప్‌అక్క: ఇప్పుడే ఎమర్జెన్సీకి వెళ్లండి. మీరు డ్రైవ్ చేయొద్దు, పార్ట్‌నర్‌ని తీసుకెళ్లమనండి. తనెవరో అక్కడ ఉన్నదున్నట్టు చెప్పండి.

మూడోమెట్టు: కారెక్కాం.